మీ ఊళ్లో కథలు రాసేవాళ్లని నెలకోసారి కూర్చోబెట్టాలంటే

మా ఊళ్లో కథలు రాసేవాళ్లు ఎవరున్నారండీ అంటారు చాలామంది. ఒకసారి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి లైబ్రేరియన్‌ని అడిగి చూడండి. కథల పుస్తకాలు పదేపదే పట్టుకెళ్లేది ఎవరో, ఆదివారం అనుబంధం కోసం పొద్దున్నే వచ్చి కూర్చునేది ఎవరో, ఆ పేజీని ఎవరూ చూడకుండా ఫోన్‌లో ఫొటో తీసుకునేది ఎవరో ఆయనకి తెలుసు. మేం అలాగే మొదలుపెట్టాం. మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఆర్టీసీ కాంప్లెక్సు, రెండు సినిమా హాళ్లు, మూతపడ్డ జూట్ మిల్లు, అంతే ఊరు. లైబ్రేరియన్ గారు ఏడు పేర్లు చెప్పారు, నలుగురు వచ్చారు, నాతో ఐదుగురం. ఒక రిటైర్డ్ తెలుగు మాష్టారు, ఒక టైలరు, ఒక ఆశా కార్యకర్త, డిగ్రీ చదివే కుర్రాడు. తొమ్మిదేళ్లయింది, ఇప్పటికి పదకొండుమందిమి. అంతకంటే పెరగనివ్వం.

ఎందుకంటే పదిహేనుమంది దాటితే అది సభ అయిపోతుంది. సభ అంటే మైకు కావాలి, మైకుంటే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడొచ్చాక ఆయనకి శాలువా కప్పాలి, కప్పాక ఆయన నలభై నిమిషాలు మాట్లాడతాడు, అప్పటికి ఐదవుతుంది, కథ చదవడానికి జేబులో పెట్టుకొచ్చిన మనిషి దాన్ని అలాగే తిరిగి ఇంటికి పట్టుకుపోతాడు. సభలు వద్దని కాదు, ఆగస్టు 29కి తెలుగు భాషా దినోత్సవం ఎటూ జరుగుతుంది, కావాలంటే వెళ్లి శాలువా కప్పించుకోండి. కానీ కథ బాగుపడేది అక్కడ కాదు. మన చిత్తుప్రతి విని "ఇదిగో, ఇక్కడ నా ధ్యాస పక్కకి పోయింది" అని మొహమాటం లేకుండా చెప్పే నలుగురి మధ్య బాగుపడుతుంది. కింద చెప్పేదంతా ఆ నలుగురిని సంపాదించి నిలబెట్టుకోవడం గురించే.

ముందు మనుషుల్ని వెతకండి

వాట్సాప్‌లో ప్రకటన పెట్టకండి. పెడితే రాసేవాళ్లు రారు, వేదిక కావాల్సినవాళ్లు వస్తారు. ఒక్కొక్కరి దగ్గరికీ మీరే వెళ్లండి, "నా దగ్గరొక కథ ఉంది, ఎక్కడో తేడా కొడుతోంది, ఒకసారి వినిపెడతారా" అని అడగండి. ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మన కథ వాళ్ల చేతిలో పెట్టాక రెండో వారమో మూడో వారమో వాళ్ల సొరుగులోంచీ ఒక నోటుబుక్కు బయటికొస్తుంది. మా టైలర్ గారి నోటుబుక్కు కొలతల పుస్తకమే. ముందు నుంచి చొక్కాల కొలతలు, వెనక నుంచి కథ.

కవులొస్తామంటే ఏం చెయ్యాలని ఒకాయన అడిగాడు. రానివ్వండి, కానీ కథ వినే ఓపిక ఉంటేనే. పావుగంట కథ ఒకటి చదివేలోపు నాలుగు కవితలు అయిపోతాయి, అంతా చప్పట్లు కొట్టేస్తారు, ఇక కథ మొదలుపెట్టే ఉత్సాహం ఎవరికీ మిగలదు. మేం వాళ్లకి వేరే ఆదివారం ఇచ్చేశాం, అందరం సుఖంగా ఉన్నాం.

చోటూ వేళా

ఎవరింట్లోనూ పెట్టకండి. ఇంట్లో పెడితే ఆ ఇంటి ఆవిడ పదిమందికి టీలు పెట్టుకుంటూ వంటింట్లో ఉండిపోతుంది, పైగా ఆ ఇంటాయన కథ బాగాలేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు, ఆయన ఇచ్చిన టీ అప్పుడే తాగాం కదా. గ్రంథాలయం, బడి, యూనియన్ ఆఫీసు, ఏదైనా సరే అందరిదీ అయిన చోటు చూడండి. గ్రంథాలయమే అయితే అడగడానికి మంచి అదను నవంబరు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, రోజుకో కార్యక్రమం పెట్టాలి, లైబ్రేరియన్ మనుషుల కోసం చూస్తుంటారు. "ఒకరోజు పిల్లలకి కథలు చెప్పడం మేం చూసుకుంటామండి" అనండి. అది బాగా జరిగాక, నెలకో పూట గది కావాలని అడిగితే కాదనరు. పైనుంచి అనుమతి కావాలంటే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఒక ఉత్తరం రాసిచ్చి, నకలు మీ దగ్గర పెట్టుకోండి. లైబ్రేరియన్ బదిలీ అయినప్పుడు ఆ నకలే పనికొస్తుంది.

వేళ విషయంలో మేం పప్పులో కాలేశాం. ఆదివారం పొద్దున్న పదింటికి అనుకున్నాం, మగవాళ్లమే కూర్చుని అనుకున్నాం కాబట్టి. ఆశా కార్యకర్తగారు రెండు నెలలు రాలేదు. రాయడం మీద ఆసక్తి పోయిందేమోనని మాలో మేం తీర్మానించేసుకున్నాం కూడా. చివరికి కుర్రాడు వెళ్లి అడిగితే, "ఆదివారం పదింటికి మాంసం కడిగి పొయ్యి మీద పెట్టే టైము బాబూ, ఎలాగొస్తాను?" అందట. మూడు నుంచి ఐదుకి మార్చాం. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చారు. ఐదున్నరకి పల్లె బస్సుంది కాబట్టి ఐదుకి ఎక్కడున్నా ఆపేస్తాం, కథ మధ్యలో ఉన్నా సరే. నెలలో రెండో ఆదివారం అని ఒకటే ఖాయం చేసి, పండగొచ్చినా పెళ్లొచ్చినా మార్చకండి. ఒక్కసారి మారిస్తే ప్రతి నెలా "ఈసారి ఎప్పుడండీ" అని ఫోన్లు చేసుకోవాల్సి వస్తుంది. ఇద్దరే వచ్చిన నెలలు మాకూ ఉన్నాయి, ఇద్దరమే చదువుకున్నాం.

కథ ఎలా చదవాలి, ఎలా వినాలి

ఇది సరిగ్గా కుదిరితే మిగతావి ఎలా ఉన్నా నడిచిపోతుంది.

ఒక పూటకి రెండు కథలు, ఒక్కోటీ 1,500 పదాలకి మించకుండా. మా లెక్కన అది పావుగంట చదువు. కథ పెద్దదైతే ఒక భాగమే తెమ్మనండి. రాసినవాళ్లే అందరికీ జిరాక్సులు తెస్తారు, ఆ పక్క మార్జిన్ కాస్త ఎక్కువ వదిలి. ఇక రెండు కట్టుబాట్లు. ఒకటి, కథని రాసినవాళ్లు చదవకూడదు, పక్కవాళ్లు చదవాలి. రాసిన మనిషి చదివితే గొంతుతో అతుకులేసేస్తాడు. కాగితం మీద లేని ఏడుపు గొంతులోకి తెచ్చుకుంటాడు, నప్పని మాటని గబగబా మింగేస్తాడు. వేరేవాళ్లు చదివితే ఎక్కడ నాలిక మడతపడిందో, ఏ వాక్యం దగ్గర ఊపిరి చాలలేదో, ఎవరు మాట్లాడుతున్నారో తెలియక వెనక్కెళ్లి మళ్లీ చదివారో, అన్నీ బయటపడిపోతాయి. తన కథ ఇంకొకరి నోట వినడం మొదటిసారి ఎవరికైనా చెమటలు పట్టిస్తుంది. నాకు పట్టాయి.

రెండోది, వినేవాళ్ల చేతిలో పెన్సిలు ఉండాలి, పని ఒకటే: ఎక్కడ ధ్యాస తప్పిందో అక్కడ మార్జిన్‌లో ఒక చుక్క. ఎందుకు తప్పిందో ఆలోచించనక్కర్లేదు. ఫ్యాను వైపు చూశారా, చుక్క. రేపటి కరెంటు బిల్లు గుర్తొచ్చిందా, చుక్క. ఎనిమిది కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కరే పెట్టిన చుక్కని పట్టించుకోనక్కర్లేదు, ఆ రోజు ఆయనకి ఇంట్లో ఏదో టెన్షన్ ఉండొచ్చు. ఐదుగురు ఒకేచోట పెడితే మాత్రం అక్కడ ఏదో ఉంది. మా సంఘంలో ఎంత పెద్ద రచయితైనా ఐదు చుక్కలతో వాదించలేకపోయాడు.

తర్వాత మాట్లాడుకోవడం. అది అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ముందు ఒక్కొక్కరూ కథలో ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పాలి. తేలిక పనిలా ఉంటుంది కానీ ఎనిమిదిమందీ ఎనిమిది కథలు చెప్పిన రోజులున్నాయి, అప్పుడు ఇక విమర్శ అక్కర్లేదు, రాసినవాళ్ల మొహం చూస్తే చాలు. ఆ తర్వాత చుక్కలు. ఆ తర్వాత, ఎక్కడ ఇంకాస్త ఉంటే బాగుండు అనిపించింది. ఈ మూడే. "బాగుంది", "గుండెని తాకింది", "మీ కలం నుంచి ఇంకా జాలువారాలి" నిషేధం. "నేనైతే ఇలా రాసేవాణ్ణి" కూడా నిషేధం, అదైతే ఇంటికెళ్లి మీరు రాసుకోండి. చివర్లో రాసినవాళ్లు మాట్లాడొచ్చు, అయితే ప్రశ్నలు అడగడానికే, కథని వివరించడానికి కాదు. వివరించాల్సి వచ్చిందంటే అది కథలో లేదనే కదా.

అచ్చుతప్పుల సంగతి. మొదటి ఏడాది మా మాష్టారు కుర్రాడి తొలి కథ మీద వత్తులూ దీర్ఘాలూ పట్టుకుని అరగంట క్లాసు తీసుకున్నారు. ఆయన చెప్పిందాంట్లో ఒక్కటీ తప్పు కాదు. కుర్రాడు మళ్లీ నాలుగు నెలలు కనిపించలేదు, మాష్టారే వాళ్లింటికి వెళ్లి పిలుచుకొచ్చారు. అప్పట్నుంచీ తప్పులు పెన్సిలుతో కాగితం మీదే దిద్ది ఇచ్చేస్తాం, పైకి చదవం. ఆ కుర్రాడే ఇప్పుడు మా అందరి ప్రూఫులూ చూస్తాడు.

ఒక పేరా సంగతి చూద్దాం

జూట్ మిల్లులో పాతికేళ్లు పనిచేసి, మిల్లు మూతపడ్డాక కిరాణా కొట్టు పెట్టుకున్నాయన ఒకరున్నారు మాలో. ఆయన లాకౌట్ మీద కథ తెచ్చారు, ఇలా మొదలైంది (ఆయన అనుమతితోనే రాస్తున్నాను):

"ఉషోదయ కాంతులు లోకాన్ని పసిడి వన్నెతో ముంచెత్తుతున్న వేళ, కష్టజీవికి నిలువెత్తు ప్రతీకలాంటి సింహాచలం భారమైన హృదయంతో మిల్లు ద్వారం వైపు అడుగులు వేశాడు. అతని మనసు అల్లకల్లోలంగా ఉంది."

ఏడుగురిలో ఏడుగురూ చుక్క పెట్టారు. ఆయన చిన్నబుచ్చుకున్నారు, అదీ న్యాయమే, ఆ పేరా కోసం మూడు రోజులు కష్టపడ్డారు. టీ తాగేటప్పుడు ఎవరో "ఇంతకీ తాళం వేసిన మర్నాడు మీరేం చేశారండీ" అని మామూలుగా అడిగారు. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఏం చేస్తాం, ఐదున్నరకి మెలకువొచ్చేసింది. సైరన్ మోగలేదు కదా, ఎందుకొచ్చిందో. క్యారేజీ కట్టమన్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా కట్టీసింది" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మాష్టారు నెమ్మదిగా, "అది రాయండి" అన్నారు.

మూడో నెలకి కథ ఇలా మొదలైంది:

"సైరన్ మోగలేదు. అయినా ఐదున్నరకే సింహాచలానికి మెలకువొచ్చింది. క్యారేజీ కట్టమన్నాడు. ఆమె ఏమీ అనకుండా అన్నం పెట్టి, పక్కన ఉల్లిపాయ ఉంచి, మూత బిగించింది. మిల్లుకి తాళం పడ్డ సంగతి ఇద్దరికీ తెలుసు."

ఆఖరి వాక్యం ముందు మొదట్లో ఉండేది. దాన్ని చివరికి జరిపింది ఆశా కార్యకర్తగారు. ముందే చెప్పేస్తే క్యారేజీ కట్టడం పిచ్చిపనిలా కనిపిస్తుంది, కట్టాక చెప్తే ఆ మూత బిగించిన చప్పుడు మళ్లీ వినిపిస్తుంది, అదీ ఆవిడ వాదన. ఆయన మాత్రం "ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి" అని ఒక వాక్యం చేర్చాలని పట్టుబట్టారు, దాని మీద అరగంట గొడవ. నా మటుకు నాకు ఆవిడ ఏడవకపోవడమే బాగుంది, పొద్దున్న ఐదున్నరకి అన్నం వండే మనిషికి ఏడవడానికి తీరికెక్కడిది. ఆయన ఆ వాక్యం ఉంచుకున్నారు. కథ ఆయనది, ఉంచుకోవచ్చు.

ఇందులోంచి మీకు పనికొచ్చేది ఒక చిట్కా: కథలో బరువుగా రాసిన చోటు ఏదైనా తగిలితే, కాగితం పక్కన పెట్టించి "అసలు ఏం జరిగిందో చెప్పండి" అని నోటితో చెప్పించండి. చెప్తున్నప్పుడు ఒకరు రాసుకోండి. ఫోన్‌లో రికార్డు పెడితే కొందరు బిగుసుకుపోతారు.

ఇంకొన్ని, మేం మళ్లీ మళ్లీ చెప్పుకునేవి

మొదటి పేరాని చేత్తో మూసి రెండో పేరా నుంచి చదవండి. కథ నష్టపోకపోతే మొదటిది తీసేయొచ్చు. పదిలో ఆరేడు సార్లు తీసేయొచ్చు. అది కథ కాదు, రాసేవాడు గొంతు సవరించుకోవడం.

యాస. మనది మనం రాసుకోవడానికి భయమెందుకు. "ఏటే గుంటా, ఎక్కడికెల్తన్నావు?" అని రాస్తే కరీంనగర్‌లో చదివే మనిషికి అర్థం కాదేమోనని బ్రాకెట్లో అర్థం ఇవ్వకండి, గుంట అంటే పిల్ల అని ముందు వెనక మాటలే చెప్పేస్తాయి. అలాగని ప్రతి మాటా వంకర తిప్పనక్కర్లేదు, ఒక సంభాషణలో రెండు మూడు మాటలూ, క్రియ చివర ఆ సాగదీతా పడితే చాలు, చదివేవాడి చెవిలో మిగతాది అదే పలుకుతుంది. కథ చెప్పే గొంతు కూడా యాసలోనే ఉండాలనుకుంటే చివరిదాకా అదే ఉంచండి, మధ్యలో అకస్మాత్తుగా పాఠ్యపుస్తకంలోకి దూకకండి. మీరు పుట్టని చోటి యాస మాత్రం సినిమాల్లో విని రాయకండి. ఆ ఊరి మనిషికి ఒకసారి వినిపించండి. మా కుర్రాడు తెలంగాణ పాత్రతో ప్రతి వాక్యం చివరా "గదా" అనిపించాడు, వరంగల్ నుంచి కోడలిగా వచ్చిన ఒకావిడ చదివి పడీపడీ నవ్వింది, తర్వాత ఓపిగ్గా కూర్చుని మొత్తం దిద్దింది.

పిలుపులు చూసుకోండి, ఇది చాలామంది వదిలేస్తారు. మన భాషలో మనిషిని ఎలా పిలిచారన్నదాంట్లోనే సగం కథ ఉంది. మొదటి సీన్‌లో "అత్తయ్యా" అన్న కోడలు మూడో సీన్‌లో మొగుడితో "మీ అమ్మ" అంది అనుకోండి, మధ్యలో ఏం జరిగిందో మీరు వర్ణించనక్కర్లేదు. "నువ్వు" అనుకునే అన్నదమ్ములు పొలం పంచుకున్న రోజు "మీరు" అనుకుంటే చదివేవాడికి చలేస్తుంది. చాలా చిత్తుప్రతుల్లో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ ఉంటారు, ఎందుకంటే పాత్ర పేరు చదివేవాళ్లకి తెలియాలని. ఏ ఊళ్లో పిలుచుకుంటారండీ అలా, కొత్తగా పెళ్లయిన సాఫ్ట్‌వేర్ జంట అయితే తప్ప? పేరు ఇంకెవరి నోటైనా చెప్పించండి. ఎదురింటావిడ పిలవొచ్చు, రేషన్ కార్డు మీద ఉండొచ్చు.

ముగింపు గురించి ఒక్క మాటే. ఆఖరి పేరాలో ఎవరైనా ఎవరికైనా జ్ఞానోదయం కలిగిస్తుంటే దాని మీద అడ్డంగా గీత కొట్టేయండి.

పాత కథలు

మన కథలే మనం వింటూ కూర్చుంటే రెండేళ్లకి అందరూ ఒకేలా రాయడం మొదలెడతారు, మాకు జరిగింది. అందుకని ప్రతి నెలా చివరి పావుగంట ఒక పాత కథకి ఇచ్చేయండి. దొరకడం కష్టమేమీ కాదు. కాళీపట్నం రామారావు మాష్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం ఉంది, విశాఖ ఏ కాలనీలో. ఒక్క తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం అది. దాని వెబ్‌సైట్‌లో రచయిత పేరుతోనో కథ పేరుతోనో వెతికితే వేలకొద్దీ పాత కథలు పత్రికలో పడ్డ పేజీలు పడ్డట్టుగా స్కాన్ చేసి ఉంటాయి. మేం ఒక శనివారం ఆరుగురం బస్సెక్కి వెళ్లాం. మా మాష్టారు ఇరవై రెండేళ్ల వయసులో రాసిన కథ ఒకటి, ఆయన దగ్గర కాపీ కూడా మిగల్లేదు, పాత వారపత్రిక బైండులో దొరికింది. ఆయన అక్కడే నిలబడి చదువుకుని, కళ్లజోడు తుడుచుకుని, "మొదటి పేరా తీసేయాలి" అన్నారు.

పాత కథని చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీ సంచికలో అచ్చు వేయాలంటే మాత్రం చూసుకోవాలి. మన కాపీరైటు చట్టం (1957) ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కులు వారసులవి. 1915లో పోయిన గురజాడ కథ ఎవరైనా వేసుకోవచ్చు. నిన్నా మొన్నా పోయినవాళ్లది అయితే కుటుంబాన్ని అడగండి, అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

పత్రికకి పంపేటప్పుడు

చేత్తో రాసి డీటీపీ సెంటర్‌లో ఇచ్చేవాళ్లుంటే, డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టించినా దాంతోపాటు ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కాపీ కూడా అడిగి తీసుకోమనండి. వెబ్ పత్రికలకి యూనికోడే కావాలి, 1998 నుంచి వస్తున్న ఈమాట దగ్గర్నుంచి నిన్న మొదలైన పత్రిక దాకా. ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్ పెట్టుకుని నోటితో చెప్పి టైపు చేయించే పద్ధతి మా టైలర్ గారికి బాగా కుదిరింది, మిషన్ ఆపి రెండు వాక్యాలు చెప్పి మళ్లీ మిషన్ తొక్కుతారు. అయితే పేర్లు చిత్రంగా పడతాయి, ఒకసారి మొత్తం చదువుకోవాలి.

కథతోపాటు హామీపత్రం పెట్టాలి: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు అని. ఆ చివరి ముక్క ఊరికే రాసేది కాదు. నేనొకసారి తొందరపడి ఒకే కథ రెండు చోట్లకి పంపాను, రెండు చోట్లా ఒకే నెలలో తీసుకున్నారు. ఒక సంపాదకుడు ఫోన్ చేసి చెప్పిన నాలుగు మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి, తర్వాత ఆ పత్రికలో నా కథ మళ్లీ పడలేదు. తప్పు నాదే. అందుకే మా సంఘానికి ఒక నోటుబుక్కు ఉంది: ఎవరి కథ, ఎక్కడికి, ఏ తేదీన, ఏం జవాబు. ఆ పత్రిక చెప్పిన గడువు దాటాక ఒక చిన్న ఉత్తరం రాసి, కథ వెనక్కి తీసుకుంటున్నామని చెప్పి, అప్పుడు ఇంకోచోటికి పంపండి. ఆ నోటుబుక్కులో తిరుగు టపాలే ఎక్కువ, కొత్తగా వచ్చినవాళ్లకి మొదట అదే చూపిస్తాం. మాష్టారి పేరు పక్కన అన్ని "తీసుకోలేదు"లు చూశాక వాళ్లకి కాస్త ధైర్యం వస్తుంది.

డబ్బు అడిగేవాళ్ల దగ్గర జాగ్రత్త. "మీ కథ మా సంకలనంలో ఎంపికైంది, పదిహేను వందలు కట్టండి, జ్ఞాపికా ప్రశంసాపత్రమూ ఇస్తాం" అని ఫోన్లొస్తాయి. కథ పంపకముందే ఎంపికైన సందర్భాలు కూడా మాకు తెలుసు. సొంత పుస్తకం వేసుకునేటప్పుడు ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, పేరుతో డబ్బులు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. మన దేశంలో అది ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పుస్తకం వేస్తే మూడు వందల కాపీలు చాలు. వెయ్యి వేస్తే చవకపడుతుందని ప్రెస్ వాళ్లు చెప్పేది నిజమే, మిగిలిన ఏడు వందలు మంచం కింద ఉంటాయి. పేజీల లెక్క పదహారు గుణిజాల్లోకి వచ్చేలా చూసుకోండి, ఫారం అంటే పదహారు పేజీలు, రెండు పేజీలు ఎక్కువైతే మిగతా పద్నాలుగు తెల్లగా పోతాయి.

గొడవలూ, బాధలూ

చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలుసు, కథల్లోనూ దొరికిపోతారు. నేను మా వీధిలో ఒకావిడ గురించి రాశాను, పేరు మార్చాను, వీధి మార్చాను, ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన చంద్రహారం కుదువ పెట్టిన సంగతి మాత్రం అలాగే ఉంచాను. కథ అచ్చయ్యాక ఆవిడ నన్నేమీ అనలేదు. మా ఆవిడతో మాట్లాడటం మానేసింది, అంతే. రెండేళ్లు పట్టింది మళ్లీ గుమ్మంలోకి రావడానికి. ఇప్పుడు మేం పాటించేది ఏమిటంటే, నిజం మనిషిని చూసి రాస్తే వృత్తి, వస్తువు, కారణం మూడూ మార్చాలి. పేరు మార్చడం లెక్కలోకి రాదు. ఆశా కార్యకర్తగారయితే ఇంకా కచ్చితం, తను వెళ్లే ఇళ్ల సంగతులు కథలోకి రానే రానివ్వరు, "అది నా ఉద్యోగం బాబూ, కథ కాదు" అంటారు. ఆవిడ రాసేవన్నీ బస్టాండులో విన్నవే, అవి ఎక్కడికీ పోలేదు.

కొందరు నెలల తరబడి ఏమీ రాయరు. అడగొద్దు. రమ్మనండి, వేరేవాళ్ల కథ చదివే పని ఇవ్వండి, పెన్సిలు ఇవ్వండి. రాయనివాళ్లు పెట్టిన చుక్కలే ఎక్కువ సరిగ్గా ఉంటాయి, ఎందుకో.

ఒక్కోసారి కాగితం మీద వచ్చేది కథ కాదు, ఇంకా ఆరని దుఃఖం. కొడుకు పోయిన మనిషి ఆ సంగతే రాసుకొచ్చింది మా దగ్గరికి, మేం అలవాటు ప్రకారం పెన్సిళ్లు తీశాం. మాష్టారు చెయ్యెత్తి ఆపి, "వినమంటావా అమ్మా, చెప్పమంటావా?" అని అడిగారు. వినమంది. పెన్సిళ్లు కింద పెట్టేసి విన్నాం, తర్వాత టీ తాగాం, ఎవరూ కథ మాట ఎత్తలేదు. ఆరు నెలల తర్వాత అదే కాగితాల కట్ట తెచ్చి, ఈసారి చెప్పండి అంది. అప్పుడు చుక్కలు పెట్టాం. అందుకని ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా చదివే ముందు ఆ ప్రశ్న అడుగుతాం, హాస్య కథ అయినా సరే.

ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు. టీకి తలో పది, జిరాక్సులు ఎవరివి వాళ్లవి. మా వీధి చివరి జిరాక్సు షాపు ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాడు, అందుకని కాపీలు శనివారమే తీయించి పెట్టుకోండి.